ఇర్వింగ్ హౌ మీద పరిశోధన: జోస్యం తప్పిన విమర్శకుడితో పనేమిటి?

సాగరిక_స్కాలర్
నేను ఆంగ్ల సాహిత్యంలో పరిశోధన చేస్తున్నాను. అమెరికన్ సాహిత్యంలో యూదుల జీవితం గురించి దశాబ్దాల పాటు రాసిన విమర్శకుడు ఇర్వింగ్ హౌ (1920–1993) కృషిని సిద్ధాంత వ్యాసానికి అంశంగా ప్రతిపాదించాను. మా గైడు గారికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి. యూదు అమెరికన్ నవలాకారులు సోల్ బెల్లో మీద, బెర్నార్డ్ మాలమడ్ మీద మన విశ్వవిద్యాలయాల్లో గుట్టలుగా థీసిస్‌లు వచ్చాయి కనుక ఆ రంగంలో కొత్తగా చెప్పడానికి ఏమీ మిగల్లేదన్నది మొదటిది. దానికి ఏదో ఒక సమాధానం చెప్పుకోగలను. రెండోదానికే నా దగ్గర జవాబు లేదు. 1977లో తాను కూర్చిన యూదు అమెరికన్ కథల సంకలనానికి రాసిన ముందుమాటలో హౌ, ఈ సాహిత్యం బహుశా తన ఉచ్చస్థితిని దాటిపోయిందని అన్నాడు. వలస వచ్చిన తరం అనుభవమే దానికి ఊట అని, ఆ జ్ఞాపకం పలచబడేకొద్దీ రచన కూడా పలచబడక తప్పదని ఆయన వాదం. ఆ తరువాత ఆర్ట్ స్పీగల్‌మన్ బొమ్మల పుస్తకం ‘మౌస్’కు 1992లో, ఫిలిప్ రాత్ ‘అమెరికన్ పాస్టొరల్’కు 1998లో, మైకల్ షేబాన్ నవలకు 2001లో పులిట్జర్ బహుమతులు వచ్చాయి. ‘తన పొలంలో పంట ఎప్పుడు ఆగుతుందో తెలియని రైతు మీద థీసిస్సా?’ అని గైడు గారు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు కానీ, ప్రశ్న న్యాయమైనదేనని అనిపిస్తోంది. ఆయన్ను చదివినవారు ఏమంటారు?

పాతపుస్తకాల_సందు
జోస్యం తప్పిన విమర్శకులందరినీ తీసేస్తే గ్రంథాలయాల్లో విమర్శ బీరువాలను ఖాళీ చేసి అద్దెకు ఇచ్చుకోవచ్చు.

విశ్రాంత_మాస్టారు
అమ్మా సాగరికా, మీ గైడు గారి మొదటి అభ్యంతరంలో సగం నిజం ఉంది. 1964లో ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైన తరువాత, అమెరికన్ సాహిత్యం మీద పనిచేసేవారు దేశం నలుమూలల నుంచి హైదరాబాదు రావడం ఆనవాయితీ అయింది. నేను కూడా అక్కడి బీరువాల మధ్య కూర్చొని కార్డుల మీద నోట్సు రాసుకున్నవాణ్ణే. 1976లో బెల్లోకు నోబెల్ బహుమతి వచ్చాక, ఆయన్ను ఎంచుకోని పరిశోధకుణ్ణి మిగతావాళ్ళు వింతగా చూసే పరిస్థితి ఏర్పడింది. ప్రతి థీసిస్‌లోనూ కథానాయకుడు అస్తిత్వాన్ని వెతుక్కునేవాడు. మూడో అధ్యాయంలో పోగొట్టుకునేవాడు, ఐదో అధ్యాయంలో అది దొరికేది.

అయితే ఆ పనంతా నవలాకారుల మీద జరిగింది. ఇర్వింగ్ హౌ పేరు ప్రతి దానిలోనూ పాదసూచికల్లో కనిపించేది. ఆయన మాటను ఉదహరిస్తే పరీక్షకులు సంతోషిస్తారని మాకు తెలుసు. కానీ ఆయన్నే విషయంగా తీసుకొని, ఎక్కడ మొదలుపెట్టాడు, ఎందుకు అలా తీర్పు చెప్పాడు అని అడిగినవారు నా ఎరుకలో లేరు. కాబట్టి మొదటి అభ్యంతరం మీకు వర్తించదు. రెండోదాని సంగతి పెద్దలు చెప్పాలి.

ఎడిసన్_నాని
మాస్టారే పెద్దలను పిలిస్తే మేమెక్కడికి పోవాలి? నా వంతుగా ఒక విశేషం చెబుతాను. మనం ఏ డాక్టరేటు కోసం ఇంత తంటాలు పడుతున్నామో, ఆ డాక్టరేటు హౌకు లేదు. 1940లో న్యూయార్క్ సిటీ కాలేజీలో బి.ఏ. పూర్తిచేశాడు, యుద్ధకాలంలో సైన్యం ఆయన్ను అలాస్కా పంపితే అక్కడ కూర్చొని దొరికిన పుస్తకమల్లా చదివాడు, తిరిగి వచ్చాక ‘టైమ్’ పత్రికకు సమీక్షలు రాసి ఇల్లు గడుపుకున్నాడు. షెర్వుడ్ ఆండర్సన్ మీద, విలియం ఫాక్నర్ మీద రెండు పుస్తకాలు వచ్చాక, 1953లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. ఈ సంగతి మాత్రం గైడు గారి చెవిన వేయకండి.

గోదారి_గట్టు
వేసినా నష్టం లేదు. ‘అప్పటి నిబంధనలు వేరు’ అంటారు.

లలితాంబ
నాని గారు సరదాగా అన్న మాట వెనుక కొంత చరిత్ర ఉంది. అమెరికన్ ఇంగ్లిష్ శాఖల్లో యూదులకు చోటు దొరకడమే గగనమైన కాలం అది. 1936లో కొలంబియా విశ్వవిద్యాలయం యువ విమర్శకుడు లయనెల్ ట్రిల్లింగ్‌ను పంపించివేయబోయినప్పుడు, ఫ్రాయిడ్ వాదిగా, మార్క్స్ వాదిగా, యూదుడిగా ఆయన ఆ శాఖలో ఇమడలేడని చెప్పారు. ట్రిల్లింగ్ పట్టు విడవకుండా నిలబడి, మాథ్యూ ఆర్నాల్డ్ మీద పుస్తకం ప్రచురించి, 1939లో అక్కడే సహాయ ఆచార్యుడయ్యాడు. ఆ తరం వారికి గౌరవం సంపాదించే మార్గం అదే: ఇంగ్లండు పెద్దల మీద రాయడం, ఇంటి సంగతులు ఇంట్లోనే ఉంచడం.

హౌ ఆ మార్గాన పోలేదు. వలస వచ్చిన ఆయన తల్లిదండ్రులు బ్రాంక్స్ పడమటి భాగంలో కిరాణా కొట్టు నడిపేవారు. మాంద్యం దెబ్బకు 1930లో ఆ కొట్టు మూతపడింది. కుటుంబం బ్రాంక్స్ తూర్పు భాగంలోని పేదల పేటకు మారింది. తండ్రి దుస్తుల కర్మాగారంలో ఇస్త్రీ పనికి, తల్లి అలాంటి చోటే మిషను పనికి కుదిరారు. మాలమడ్ 1957లో రాసిన ‘ది అసిస్టెంట్’ నవలంతా మునిగిపోతున్న ఒక కిరాణా కొట్టు చుట్టూ తిరుగుతుంది. దానిని హౌ చదివిన తీరు వేరుగా ఉండక ఎలా ఉంటుంది? పద్నాలుగో ఏటే సోషలిస్టు యువజనుల్లో చేరిన ఆ కుర్రవాడు సిటీ కాలేజీకి వెళ్ళేసరికి, అక్కడి భోజనశాలలో గోడ వెంబడి విద్యార్థులు గుంపులుగా కూర్చొనే అరల్లో ఒకటో నంబరు అర స్టాలిన్ వ్యతిరేక వామపక్షానిది, రెండో నంబరు అర స్టాలిన్ అనుకూలురది. హౌ ఒకటో అర మనిషి. అదే అరలో వాదించిన ఇర్వింగ్ క్రిస్టల్ తరువాత కాలంలో కుడిపక్షానికి గురువు కాగా, హౌ 1954లో వామపక్ష ‘డిసెంట్’ పత్రికను స్థాపించిన వారిలో ఒకడై, చనిపోయే దాకా దానికి సంపాదకుడుగా ఉన్నాడు.

హోరెన్‌స్టైన్ అన్న పుట్టుకతో వచ్చిన ఇంటిపేరును వదులుకొని హౌ అయిన మనిషి, ముప్ఫయ్యో పడిలో తూర్పు ఐరోపా యూదుల ఇంటి భాష యిడ్డిష్ వైపు తిరిగాడు. కవి ఎలియేజర్ గ్రీన్‌బర్గ్‌తో కలిసి యిడ్డిష్ కథల సంకలనం కూర్చి 1954లో ప్రచురించాడు. ఆ భాష పాఠకులను లక్షల సంఖ్యలో హిట్లర్ చంపించాడు. 1952 ఆగస్టు 12న మాస్కోలో పెరెట్జ్ మార్కిష్, డేవిడ్ బెర్గెల్సన్ వంటి రచయితలను స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. అలాంటి సమయంలో ఒక వామపక్ష విమర్శకుడు కూర్చొని ఆ కథలను ఇంగ్లిష్ పాఠకుల చేతికి అందించడం చిన్న విషయం కాదు. సాగరిక గారి గైడు 1977 నాటి ఒక్క ముందుమాటను చూస్తున్నారు. నేనైతే 1954 నుంచి చూస్తాను.

నవలా_ప్రియుడు
లలితాంబ గారు చెప్పిన సంకలనం పని సాగుతుండగా జరిగిన ఒక ముచ్చట హౌ ఆత్మకథలో ఉంది. ఐజాక్ బాషెవిస్ సింగర్ రాసిన ‘గింపెల్’ కథను గ్రీన్‌బర్గ్ హౌకు యిడ్డిష్‌లో చదివి వినిపించాడట. అది విని హౌ ఆగలేకపోయాడు. బెల్లోను ఒప్పించి టైపు మిషను ముందు కూర్చోబెట్టారు. గ్రీన్‌బర్గ్ వాక్యం తరువాత వాక్యం చదువుతుంటే బెల్లో ఇంగ్లిష్‌లోకి కొట్టుకుంటూ పోయాడు. అది 1953లో ‘పార్టిజన్ రివ్యూ’లో వచ్చింది. సింగర్ నవల ఒకటి అంతకు ముందే ఇంగ్లిష్‌లో వచ్చింది కానీ, సాహిత్య లోకం ఆయన వైపు తల తిప్పింది ఈ కథతోనే. 1978లో నోబెల్ బహుమతి దాకా సాగిన ఆ ప్రయాణంలో హౌ పాత్ర ఒక శ్రోత పాత్ర. విమర్శకుడు చేయగలిగిన మంచి పనుల్లో సరిగ్గా వినడం ఒకటి.

ఇంకోటి హెన్రీ రాత్ నవల ‘కాల్ ఇట్ స్లీప్’ కథ. న్యూయార్క్‌లో వలస కుటుంబపు చిన్నపిల్లవాడి కళ్ళతో రాసిన ఆ నవల 1934లో వచ్చి, కొంత మెప్పు పొంది, ప్రచురణకర్త దివాలాతో పాటు కనుమరుగైంది. 1956లో ‘అమెరికన్ స్కాలర్’ పత్రిక, మరుగున పడిన మంచి పుస్తకాల పేర్లు చెప్పమని విమర్శకులను అడిగినప్పుడు ఆల్‌ఫ్రెడ్ కేజిన్, లెస్లీ ఫీడ్లర్ ఇద్దరూ ఈ నవల పేరే చెప్పారు. 1964లో పేపర్‌బ్యాక్ వచ్చింది. అక్టోబరు 25న ‘న్యూయార్క్ టైమ్స్’ పుస్తక సమీక్షల అనుబంధం మొదటి పేజీలో హౌ దాని మీద రాశాడు. పేపర్‌బ్యాక్ పునర్ముద్రణకు ఆ పేజీలో చోటు దొరకడం అప్పటిదాకా లేని విషయం. తరువాత ఆ పుస్తకం పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఇదంతా జరుగుతున్నప్పుడు రచయిత ఏం చేస్తున్నాడనుకున్నారు? మెయిన్ రాష్ట్రంలో బాతులను పెంచుకుంటున్నాడు.

గోదారి_గట్టు
మన రచయితల్లో కొందరికి కూడా బాతులు కొనిపెడితే ముప్ఫై ఏళ్ళ తరువాతైనా గుర్తింపు వస్తుందేమో.

కొత్తగా_చేరాను
హెన్రీ రాత్, ఫిలిప్ రాత్ బంధువులా? నాకు గందరగోళంగా ఉంది.

నవలా_ప్రియుడు
ఏ బంధుత్వమూ లేదు. హెన్రీ పుట్టింది 1906లో, ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో. ఫిలిప్ పుట్టింది 1933లో, న్యూజెర్సీలోని నేవార్క్‌లో. హౌ జీవితంలో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. ఒకరిని పైకి ఎత్తాడు, మరొకరిని కింద పడేయబోయాడు.

నేవార్క్_పక్షం
ఆ రెండో రాత్ సంగతి వస్తుందనే ఇంతసేపు ఓపిక పట్టాను. హౌ గొప్పతనం గురించి మీరంతా చెప్పినది నిజమే కావచ్చు. కానీ 1972 డిసెంబరులో ‘కామెంటరీ’ పత్రికలో ఫిలిప్ రాత్ మీద ఆయన రాసిన వ్యాసాన్ని ఎలా సమర్థిస్తారు? 1959లో ‘గుడ్‌బై, కొలంబస్’ వచ్చినప్పుడు మెచ్చుకున్న మనిషే, పదమూడేళ్ళ తరువాత తిరిగి చూసి, రాత్ వెనుక ఉన్న సంస్కృతి పలచనిదని, ఆయనకు పాత్రల మీద ప్రేమ కంటే ఎగతాళి మీద మోజు ఎక్కువని తేల్చాడు. ‘పోర్ట్‌నాయ్’ నవలను రెండోసారి చదవడమే దానికి చేయగల అతి క్రూరమైన పని అన్న అర్థం వచ్చే వాక్యం ఆ వ్యాసంలోదే. వాక్యం పదునుగా ఉందని ఒప్పుకుంటాను. తీర్పు మాత్రం ఒక తండ్రి తన కొడుకు మీద చెప్పే తీర్పులా ఉంది. బ్రాంక్స్ పేదరికం చూడకుండా నేవార్క్ మధ్యతరగతిలో పెరగడం రాత్ చేసిన నేరమా?

రాత్ బదులు తీర్చుకున్నాడు లెండి. 1983 నాటి ‘ది అనాటమీ లెసన్’లో మిల్టన్ ఆపెల్ అనే విమర్శకుణ్ణి సృష్టించాడు. కథానాయకుడైన రచయిత జుకర్‌మన్ మెడనొప్పితో పడుకొని ఆపెల్ వ్యాసాన్ని తలచుకొని ఉడికిపోతాడు, ఫోను చేసి దులిపేస్తాడు, చివరకు విమానంలో పక్క ప్రయాణికుడితో తన పేరే మిల్టన్ ఆపెల్ అని, తాను బూతు పత్రిక నడుపుతానని చెప్పుకుంటాడు. విమర్శకుడికి ఇంత ఖరీదైన జవాబు ఇంకెవరూ ఇచ్చి ఉండరు.

పాతపుస్తకాల_సందు
నేవార్క్_పక్షం గారూ, ఆ జవాబే హౌకు దక్కిన సన్మానం. పట్టించుకోనవసరం లేని విమర్శకుడి కోసం ఎవరూ పదకొండేళ్ళు కోపం దాచుకోరు.

నేవార్క్_పక్షం
సన్మానమో కాదో, తీర్పు తప్పు. ‘అమెరికన్ పాస్టొరల్’లోని చేతి తొడుగుల కర్మాగారాన్ని చదవండి. తోలును ఎలా సాగదీస్తారో, వేళ్ళ మధ్య ముక్కలను ఎలా కుడతారో రాత్ పేజీల కొద్దీ వర్ణిస్తాడు. అది పలచని సంస్కృతి నుంచి వచ్చిన రాత కాదు. హౌ 1993లో చనిపోయాడు కనుక ఆ నవల చదివే అవకాశం ఆయనకు దక్కలేదు.

లలితాంబ
బట్టల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. తనను, మాలమడ్‌ను, రాత్‌ను కలిపి ఒకే కట్టగా కట్టే విమర్శకుల మీద విసిగి, తామేదో ‘హార్ట్ షాఫ్నర్ అండ్ మార్క్స్’ అన్న రెడీమేడ్ సూట్ల కంపెనీ లాగా అయ్యామని బెల్లో వెక్కిరించేవాడు. ఆ కట్ట కట్టినవారిలో హౌ కూడా ఉన్నాడని మరచిపోరాదు. రచయితలకు ‘యూదు రచయిత’ అన్న ఆ చీటీ ఇష్టం లేదు. విమర్శకుడికి అది లేనిదే పని సాగదు. సాగరిక గారి థీసిస్‌లో ఈ పేచీకి చోటు ఉండాలి.

మందాకిని
మగవారి పేర్లే వింటున్నాను కనుక అడుగుతున్నాను. 1976లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ అవర్ ఫాదర్స్’ హౌకు అందరికంటే ఎక్కువ పేరు తెచ్చిన పుస్తకం. 1881 తరువాత తూర్పు ఐరోపా నుంచి అమెరికా వచ్చిన ఇరవై లక్షల మంది యూదుల జీవితాన్ని, ఇరుకు అద్దె ఇళ్ళ నుంచి నాటకశాలల దాకా, కార్మిక సంఘాల నుంచి యిడ్డిష్ పత్రిక ‘ఫోర్వర్ట్స్’కు పాఠకులు రాసుకున్న గోడు ఉత్తరాల దాకా, అంత విస్తారంగా రాసినవారు అరుదు. కెనెత్ లిబో సహాయంతో చేసిన ఆ పనికి 1977లో నేషనల్ బుక్ అవార్డు కూడా వచ్చింది. కానీ ఆ పేరు చూడండి. తండ్రుల ప్రపంచంలో మిషను ముందు కూర్చున్న తల్లులు ఎక్కడ? ఆయన సొంత తల్లి ఆ పనే చేసింది కదా. 1988లో సిడ్నీ స్టాల్ వైన్‌బర్గ్ అదే వలస తరపు స్త్రీల గురించి పుస్తకం రాసి, దానికి ‘ది వరల్డ్ ఆఫ్ అవర్ మదర్స్’ అని పేరు పెట్టింది. ఆ పేరే సరిపోయిన విమర్శ.

సాహిత్యంలోనూ ఇదే లోటు కనిపిస్తుంది. ఆంజియా యెజియెర్స్కా 1925లో రాసిన ‘బ్రెడ్ గివర్స్’ను మళ్ళీ 1975లో పాఠకుల ముందుకు తెచ్చింది చరిత్రకారిణి ఆలిస్ కెస్లర్-హారిస్. హెన్రీ రాత్ నవలకు మొదటి పేజీలో పట్టం కట్టినట్టు హౌ దీనికి కట్టలేదు.

విశ్రాంత_మాస్టారు
మందాకిని గారి అభ్యంతరం బలమైనది. అయితే ఆ పుస్తకంలో స్త్రీలు లేరని అనుకోవద్దు. కర్మాగార స్త్రీల సమ్మెల గురించి, ఇంటిని నెట్టుకొచ్చిన తల్లుల గురించి హౌ మంచి పేజీలు రాశాడు. లోపం దృష్టికోణంలో ఉంది. కథ చెప్పే గొంతు కొడుకుది. అతను వెనుదిరిగి చూసేది తండ్రి వైపు.

ఫాక్నర్_వీధి
ఇంతసేపూ అందరూ హౌ జోస్యాన్ని పక్కన పెట్టి మిగతా కృషిని పొగుడుతున్నారు. నేను దానికి ఒప్పుకోను. అసలు సరుకు ఆ జోస్యంలోనే ఉంది. నాని గారు పైన చెప్పిన ఒక మాటను ఎవరూ పట్టుకోలేదు: యూదు సాహిత్యం జోలికి రాకముందు హౌ రాసిన పుస్తకాలు ఆండర్సన్ మీద (1951), ఫాక్నర్ మీద (1952). అంటే ఒహాయో చిన్న ఊళ్ళ మీద, మిసిసిపీ మీద. ఒక ప్రాంతపు జీవితం కరిగిపోతున్న సమయంలోనే ఆ ప్రాంతం నుంచి గొప్ప సాహిత్యం పుడుతుందన్న ఆలోచన ఆయనకు అక్కడ అబ్బింది. 1977 ముందుమాటను ఆ వెలుగులో చదవండి. అందులో ఆయన యూదు అమెరికన్ కథను ఒక ప్రాంతీయ సాహిత్యంగానే లెక్కిస్తాడు, దక్షిణాది రచయితలతో పోలుస్తాడు. ఒక సమూహం తన పాత ప్రపంచం నుంచి ఊడి, కొత్త ప్రపంచంలో పూర్తిగా కలిసిపోక ముందు ఉండే ఆ కొద్ది కాలమే రచనకు సారవంతమైన కాలమని ఆయన నమ్మకం. కలిసిపోవడం పూర్తయితే ఆ ఊట ఆగుతుంది. ఈ సిద్ధాంతం ఫాక్నర్ దగ్గర పుట్టి, బ్రాంక్స్‌కు బదిలీ అయింది.

కాబట్టి గైడు గారి ప్రశ్నను తలకిందులు చేయండి. జోస్యం తప్పిందా ఒప్పిందా అన్నది కాక, ఆ జోస్యం ఏ చదువు నుంచి వచ్చింది అని అడిగితే, మొదటి పుస్తకం నుంచి చివరి వ్యాసం దాకా మీకు ఒకే దారం దొరుకుతుంది. రాత్‌తో తగాదా కూడా ఆ దారంలోదే. ఊట ఆగిపోయిన తరువాత పుట్టిన మొదటి పెద్ద రచయితగా హౌ ఆయన్ను చూశాడు. అందుకే అంత కఠినంగా ఉన్నాడు.

ఎడిసన్_నాని
అలాగైతే జోస్యం తప్పిందని కూడా అంత తేలిగ్గా అనలేం. గ్యారీ ష్టైన్‌గార్ట్‌ను చూడండి. లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి, 1979లో పిల్లవాడిగా అమెరికా వచ్చి, 2002లో మొదటి నవల ప్రచురించాడు. సోవియట్ యూదుల వలసతో వచ్చిన రచయితల వరుస అది. కొత్త వలస వచ్చింది, కొత్త సాహిత్యం వచ్చింది. హౌ సిద్ధాంతం చెప్పేది అదే కదా.

నేవార్క్_పక్షం
మరి షేబాన్? సింథియా ఓజిక్? వారు అమెరికాలో పుట్టినవారే. ‘మౌస్’ తండ్రి జ్ఞాపకం మీద నిలబడింది, నిజమే, కానీ అది వలస జ్ఞాపకం కాదు, ఆష్విట్జ్ నాజీ శిబిరపు జ్ఞాపకం. మీరు సిద్ధాంతాన్ని ఎటు కావాలంటే అటు సాగదీస్తున్నారు, ఆ చేతి తొడుగుల తోలు లాగా.

ఫాక్నర్_వీధి
ఓజిక్ విషయంలో మీ మాట కాదనను. ఆమె జ్ఞాపకం మీద కాకుండా గ్రంథాల మీద, మత చింతన మీద ఆధారపడింది. హౌ లెక్కలో ఆ ఊటకు గడి లేదు. మతం వదిలేసిన సోషలిస్టుకు అది కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒక అధ్యాయానికి సరిపోయే విషయం.

సాగరిక_స్కాలర్
ఈ చర్చతో నా ప్రతిపాదన రూపు మారింది. ‘ప్రాంతం నుంచి వలస దాకా: ఇర్వింగ్ హౌ విమర్శలో సమూహ జ్ఞాపకం’ అన్న దిశగా తిరిగి రాసి గైడు గారి ముందు పెడతాను. మందాకిని గారి అభ్యంతరం, ఓజిక్ విషయం విడి అధ్యాయాలవుతాయి. ఒక సందేహం మిగిలింది. యూదు రచయితల విషయంలో సమూహ జ్ఞాపకాన్ని కొలబద్దగా పెట్టిన హౌ, ఇతర సమూహాల రచయితలను కూడా అలాగే కొలిచాడా? కొలిచి ఉంటే వారు ఏమన్నారు?

లలితాంబ
కొలిచాడు, గట్టి జవాబూ తిన్నాడు. 1963లో ‘డిసెంట్’లో ఆయన రాసిన వ్యాసంలో నవలాకారుడు రిచర్డ్ రైట్ చూపిన ఆగ్రహమే నల్లజాతి రచయితకు తప్పనిసరి మార్గమన్నట్టు మాట్లాడి, జేమ్స్ బాల్డ్విన్, రాల్ఫ్ ఎలిసన్ దాని నుంచి పక్కకు జరిగారని అన్నాడు. తన అనుభవం ఏమిటో, దాని నుంచి ఏం రాయాలో బయటివారు నిర్ణయించడాన్ని ఎలిసన్ ‘న్యూ లీడర్’ పత్రికలో తీవ్రంగా ఖండించాడు. నేవార్క్_పక్షం గారు రాత్ తరఫున చేసే ఫిర్యాదుకు ఇది తొమ్మిదేళ్ళ ముందటి రూపం.

నేవార్క్_పక్షం
చూశారా, నేను ఒంటరిని కాను.

సాగరిక_స్కాలర్
ఎలిసన్ జవాబు పుస్తక రూపంలో దొరుకుతుందా? ఆ పత్రిక పాత సంచికలు మా గ్రంథాలయంలో లేవు.

విశ్రాంత_మాస్టారు
1964లో వచ్చిన ఎలిసన్ వ్యాస సంపుటి ‘షాడో అండ్ యాక్ట్’లో ఉంది. ఆ పుస్తకం చాలా కళాశాలల్లో దొరుకుతుంది. హౌ వ్యాసం ముందు చదివి, అది తరువాత చదవండి.